చెవులకు విశ్రాంతి

మా రెంటచింతలలో నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలిసినవాళ్ళు తక్కువ. మిక్సింగ్ ఇంజనీరు అంటే మాచర్ల వైపు ఏదో సిమెంటు ఫ్యాక్టరీలో రాయీ బూడిదా కలిపించే ఆఫీసరు అనుకునేవాళ్ళే ఎక్కువ. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా మా బంధువు ఒకాయన, "మీ ఫ్యాక్టరీలో మావాడికి ఏదన్నా చూడరాదంటరా శౌరీ" అని అడిగేవాడు. మొదట్లో విడమరిచి చెప్పేవాణ్ణి. తర్వాత్తర్వాత "ఖాళీలు లేవు బాబాయ్" అనడం నేర్చుకున్నాను. అదే తేలిక.

నిజానికి ఆయన అనుకున్నది అంత తప్పు కూడా కాదు. నేనూ కలిపేవాణ్ణే. సినిమా పాట ఒకటి తయారవుతుంటే గాయని ఒకరోజు వచ్చి తన వంతు పాడి వెళ్ళిపోతుంది. ఫ్లూటు ఆయన ఇంకో వారం వస్తాడు. వయొలిన్లు వేరే ఊళ్ళో వాయిస్తారు. తబలా ఆయన తన పని ముగించుకుని పెళ్ళి కచేరీకి పరిగెత్తుతాడు. వీళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ ముక్కలన్నీ చివరికి నా బల్ల మీదికి వస్తాయి. ఏది ముందుకు రావాలి, ఏది వెనక నిలబడాలి, ఏది ఎక్కడ నోరు మూసుకోవాలి అనేది నేను తేల్చాలి. వినేవాడికి మాత్రం వాళ్ళంతా ఒకే అరుగు మీద కూర్చుని కలిసి పాడినట్టు ఉండాలి. ఆ అరుగు మీద నాకు చోటు ఉండదు. ఉంటే పని చెడినట్టే.

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఏ హెడ్‌ఫోన్ మంచిది అని అడుగుతారు. అవి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళు అడగని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెప్పుకుంటే నాకూ కాస్త పొద్దుపోతుంది.

సుందరం మాస్టారు

నరసరావుపేటలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, మద్రాసులో ఒక రికార్డింగ్ స్టూడియోలో వైర్లు అతికే పనిలో చేరాను. అక్కడ పెద్ద ఇంజనీరు సుందరం మాస్టారు. తమిళుడే అయినా తెలుగు పాటలు కలిపీ కలిపీ తెలుగు బాగానే మాట్లాడేవాడు. ఎక్కడో ఒక వైరు వదులై సన్నగా గీ అంటోందని నేను ముందుగా కనిపెట్టాను. దాంతో నన్ను తన గదిలోకి పిలుచుకున్నాడు. పిలుచుకుని ఏడాది దాకా ఒక్క మీట ముట్టుకోనివ్వలేదు. వెనక కుర్చీలో కూర్చుని వినడమే నా పని.

మాటల్లో పరమ పిసినారి ఆయన. మెచ్చుకోవాలంటే తల ఊపేవాడు, తిట్టాలంటే తల ఊపడం మానేసేవాడు. పాటను బాగా తగ్గించి, పక్క గదిలో ఎవరో పాడుకుంటున్నంత మెల్లగా పెట్టుకుని కలపమనేవాడు. పెద్దగా పెడితే ఏ పాటైనా బాగానే ఉంటుంది, మెల్లగా పెట్టినా బాగుంటేనే అది పాట అనేవాడు. ఆ ముక్క ఇప్పటి పిల్లలు గోడ మీద రాసుకున్నా తప్పులేదు. నేను దానికి నా సొంత పరీక్ష ఒకటి చేర్చుకున్నాను. ఊరికి వచ్చినప్పుడు మాచర్ల బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని నా పాటలు ఎలా మోగుతున్నాయో వినేవాణ్ణి. ఇంజను రొద మధ్యా, మిరపకాయ బస్తాకు టికెట్ కొట్టాడని కండక్టరుతో తగాదా పడేవాళ్ళ మధ్యా పాటలో మాట తెలిసిందంటే ఇక ఎక్కడైనా తెలుస్తుంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు మాస్టారు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. ఎవరి పెళ్ళికీ వెళ్ళేవాడు కాదు, మేళం పడదని. నన్ను కూడా ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాడు. "చెవి కండ లాంటిది కాదు శౌరీ, వాడితే పెరగదు. అరుగుతుంది. ఇక్కడ ఖర్చుపెట్టు, ఇంట్లో దాచుకో."

ఆయన భార్య చాలాకాలం కిందటే తన అన్నగారింటికి వెళ్ళిపోయిందని స్టూడియోలో చెప్పుకునేవారు. ఆయన కోపం భరించలేక అనేవారు. నాకు ఇప్పుడు వేరే కారణం తోస్తోంది. మంచి గురువుతో ఉన్న చిక్కే అది. నేర్చుకోవలసినవీ, వదిలేయవలసినవీ ఒకే మూటలో కట్టి ఇస్తాడు. నేను మూట మొత్తం ఎత్తుకున్నాను.

నాకు తెలిసిన మనిషి

ఒక గాయని ఉంది. పేరు చెప్పను. ఆమె గొంతుతో నేను గడిపినంత కాలం ఆమె ఇంట్లోవాళ్ళు కూడా గడిపి ఉండరు. పల్లవికి ముందు ఊపిరి ఎలా తీస్తుందో, ఏ అక్షరం దగ్గర నాలుక తడబడుతుందో నాకు తెలుసు. జలుబు చేస్తే తెలుసు. ఒక ఏడాది ఆమె ఊపిరి పొట్టిదవుతూ వచ్చింది. కడుపుతో ఉందని పేపర్లవాళ్ళకంటే నాకే ముందు తెలిసింది. మగపిల్లవాడు పుట్టాడని విన్నప్పుడు స్టూడియో కుర్రాళ్ళకు నేను స్వీట్లు కూడా పంచాను. ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు.

వాళ్ళమ్మ పోయిన కొద్దిరోజులకే ఆమె వచ్చి ఒక పాట పాడి వెళ్ళింది. నిర్మాతకు తొందర. పాట శుభ్రంగా ఉంది. చివరి చరణం చివర మాత్రం గుటక మింగిన చప్పుడు ఒకటి ఉంది. అలాంటివి తీసేయడమే మా ఉద్యోగం. నేను తీయలేదు. వయొలిన్ల కింద అణిచి అక్కడే ఉంచేశాను. ఎవరూ పట్టుకోలేదు గానీ ఆ చోటికి వచ్చేసరికి విన్నవాళ్ళు ఒక్క క్షణం ఊరుకునేవారు. నాకు అవార్డు వచ్చింది ఆ పాటకే.

అవార్డు రోజున ఆమె నా పక్క కుర్చీలోనే కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ ఎదురుపడలేదు. ఆమె పాడి వెళ్ళిపోయాకే కదా నా పని మొదలయ్యేది. మాట కలపాలని నావైపు తిరిగి, మీరు లైటింగా అండీ అని అడిగింది. కాదమ్మా, సౌండు అన్నాను. ఆమె మొహం విప్పారింది. "ఇవాళ మైకులు చాలా బాగున్నాయండీ" అంది. ఆ హాలు మైకులతో నాకు ఏ సంబంధమూ లేదు. థాంక్సండీ అన్నాను.

ఈ పనిలో ఇలాగే ఉంటుంది. గుర్తింపు కావాలనుకునేవాళ్ళు పాటలు పాడటం నేర్చుకోవడం మంచిది.

జలుబు చేసిన పాట

ఒక తప్పు కూడా చెబుతాను. అది మీరు కూడా చేస్తారు. ఒకసారి ముక్కూ చెవులూ దిబ్బడ వేసి ఉండగానే పాట కలపడానికి కూర్చున్నాను. ఒప్పుకున్న రోజు మార్చడం నాకు నామోషీ. పాట నాకు మసకగా వినిపించింది. గొంతులో మెరుపు చాలడం లేదనుకుని పై స్వరాలు పెంచాను. ఇంకా చాలలేదు. ఇంకా పెంచాను.

ఆ పాట మాచర్ల బస్సులో మోగినప్పుడు నేను నా సీట్లోనే ఉన్నాను. దాచేపల్లిలో ఎక్కిన ముసలాయన ఒకాయన కాసేపు ఓర్చుకుని డ్రైవరుకు చెప్పాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఏంది అది, చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది. ఆపు."

డ్రైవరు ఆపేశాడు. న్యాయమైన తీర్పు. లోపం నా చెవిలో ఉంటే నేను పాటలో వెతికాను. చెవి మూసుకుపోయినవాడికి ఆ సంగతి తెలియదు, లోకమంతా మసకబారింది అనుకుంటాడు. అప్పటినుంచీ ముక్కు చీదానంటే ఆ రోజుకు బల్ల ముందు కూర్చునేవాణ్ణి కాదు. చెవుల విషయంలో నా చాదస్తం మాత్రం రెట్టింపయింది.

ఇల్లు

నా భార్య తెరేజమ్మది మా ఊరే. వాళ్ళది గుడి వెనక వీధిలో పెద్ద ఇల్లు. వచ్చే జీతగాళ్ళు, పోయే కూలీలు, గేదెలు, చుట్టాలు. ఆ ఇంట్లో మాట వినబడాలంటే అరవాల్సిందే. తెరేజ మిద్దె ఎక్కి పిలిస్తే పొలంలో ఉన్న వాళ్ళ నాన్న గడ్డపార దించి ఇంటిదారి పట్టేవాడని చెప్పుకునేవారు. చర్చిలో ఆదివారం పూజలో ఆమె పాట అందుకుంటే మైకు దండగ అనేవారు. ఆ గొంతు చూసే నేను చేసుకున్నాను. మా పెద్దవాళ్ళు పొలం చూసి ఒప్పుకున్నారు, అది వేరే సంగతి.

మద్రాసులో రెండు గదుల ఇల్లు. మొదట్లో నేను ఇంటికి రాగానే గుమ్మంలోనే కబుర్లు మొదలుపెట్టేది. నీళ్ళ పంపు దగ్గర గొడవ, మామిడికాయల ధర, ఊరినుంచి వచ్చిన ఉత్తరం. రోజంతా ఒకే పాటను విని విని నా చెవులు పుండులా ఉండేవి. నేను చెయ్యెత్తేవాణ్ణి. ఒకరోజు నెమ్మదిగా మాస్టారి మాట చెప్పాను, ఇక్కడ దాచుకోవాలని. ఆమె గొడవ చేయలేదు. కాలవ నీళ్ళ వంతు కోసం కాపలా కూర్చునే ఇంట్లో పుట్టిన మనిషి. ఈయన చెవులే మాకు పొలం అని అర్థం చేసుకుంది.

ఆ తర్వాత ఆమె ఏం చేసినా సంపూర్ణంగా చేసింది. కుక్కరు కూత వేయబోయే ముందు గుడ్డతో వెయిట్ ఎత్తేసేది. కాళ్ళ పట్టీలు తీసి పెట్టెలో పెట్టింది. గిన్నెలు గుడ్డ మీద బోర్లించేది. టీవీ సౌండు లేకుండా చూసి కథ తనే ఊహించుకునేది. మా అమ్మాయి రోజా నడక నేర్చుకోవడమే మునివేళ్ళ మీద నేర్చుకుంది. నేను మెట్లెక్కుతున్న చప్పుడు వింటే తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకరికొకరు పెదవుల మీద వేలు పెట్టి చూపించుకునేవారు. ఎదురింటి అరవావిడ ఒకసారి నన్ను ఆపి, మీ ఆవిడకు మాటలు రావా అని జాలిగా అడిగింది. ఆ రాత్రి మేము దాని గురించి నవ్వుకున్నాం. మెల్లగానే నవ్వుకున్నాం.

అవార్డు రోజున నేను వేదిక ఎక్కి, అప్పటికి పోయిన సుందరం మాస్టారిని తలుచుకుని దండం పెట్టాను. హాలంతా చప్పట్లు. మూడో వరసలో తెరేజ కూడా కొడుతోంది. చూస్తే ఆమె అరచేతులు ఒకదానికొకటి దగ్గరగా వచ్చి, తగలకుండా ఆగిపోతున్నాయి. కారులో అడిగాను, చప్పట్లు కొట్టలేదేమని.

"కొట్టా గదయ్యా, చేతులు నొప్పి పుట్టేట్టు" అంది.

కొట్టాననే అనుకుంటోంది. అవార్డు నా ఒళ్ళో ఉంది, చాలా బరువైనది. ఇప్పుడు అది మా వసారాలో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి బాగా ఉపయోగపడుతోంది.

తిరిగి రెంటచింతల

పనులు తగ్గాక ఊరికి వచ్చేశాం. నాపరాళ్ళు పరిచిన పాత ఇల్లు బాగుచేయించి, వెనక గదిలో చిన్న స్టూడియో పెట్టుకున్నాను, ఎవరైనా పాటలు పంపితే కలుపుదామని. మా ఊరి ఎండ సంగతి మీకు తెలిసిందే. వేసవిలో మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరగదు. ఆ వేళల్లో ఇద్దరం ఒకే ఫ్యాను కింద కూర్చుంటాం. నా చెవులకు ఇప్పుడు కావలసినంత విశ్రాంతి. నాకు మాట్లాడే మనిషి కావాలి. మనిషి ఎదురుగానే ఉంది. మాట లేదు.

గోడ అవతల మరియమ్మ ఉంటుంది. తెరేజకు వదిన వరస. వాళ్ళిద్దరూ పెరటి గోడ దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. మిరపకు వచ్చిన తెగులు, ఫాదర్ గారి ప్రసంగం ఎంతకీ తెగకపోవడం, ఎవరి కోడలు ఎవరిని ఏమంది. తెరేజ పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వు నాకు కొత్త. ఎన్నో గొంతుల ఊపిరి లెక్కలు తెలిసిన నాకు నా భార్య నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. తువ్వాలు ఆరేసే మిషతో పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. నన్ను చూడగానే మరియమ్మ, "అన్నొచ్చిండే, నే పోతన్నా" అని గోడ దగ్గర్నుంచి తప్పుకునేది. తెరేజ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళేది, చప్పుడు లేకుండా.

ఒకరోజు ఇక ఉండబట్టలేక అడిగాను. "నాకిప్పుడు పనేం లేదు గదే తెరేజా. నాతో కూడా మాట్లాడు."

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఏం మాట్లాడను?" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. మర్నాడు నా కుర్చీ ముందుకు వచ్చి నిలబడి, పాలు ఆలస్యంగా వచ్చాయని చెప్పింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది. నేను టీవీ సౌండు పెంచి పెడితే, తర్వాత ఎప్పుడో వచ్చి తగ్గించేసేది. గుంటూరులో ఉన్న రోజా ఫోన్ చేస్తే, "బాగున్నావా నాన్నా, అమ్మకియ్యి" అంటుంది. అమ్మ ఫోను తీసుకుని పెరట్లోకి పోతుంది.

నాకు ఏడుపొచ్చేది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు. ముసలివాణ్ణి, వెనక గదిలో తలుపేసుకుని ఏడ్చేవాణ్ణి. ఆ గది గోడలకు చప్పుడు బయటికి పోకుండా అట్టలు నేనే కొట్టించాను.

అందుకని పిల్లలూ, చెవులకు విశ్రాంతి ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. కానీ ఆ విశ్రాంతి ఇంట్లోవాళ్ళను అడగకండి. ఊరి బయట కాలవగట్టు ఉంటుంది, అక్కడికి పోయి కూర్చోండి. లేదా ఒక పాట తక్కువ ఒప్పుకోండి. ఇంట్లో కుక్కరు కూత వేయనివ్వండి.

చివరి పాట

కిందటేడు హైదరాబాదు నుంచి ఒక కొత్త సంగీత దర్శకుడు పాట పంపాడు. మర్యాదస్తుడు. కలిపి పంపాను. ఫోన్ చేసి, చాలా బాగుంది సార్, పై స్వరాలు మాత్రం కొంచెం పొడుస్తున్నట్టున్నాయి అన్నాడు. విన్నాను. వెన్నలా ఉంది. అయినా కొంచెం సర్ది పంపాను. మళ్ళీ అదే మాట. ఆ తర్వాత, మిగతాది మేమే చూసుకుంటాం సార్, మీరు శ్రమపడకండి అన్నాడు.

నాకు దాచేపల్లిలో ఎక్కిన ముసలాయన గుర్తొచ్చాడు. చెవిలో పుల్ల. ముక్కు చీదుకుని చూసుకున్నాను. జలుబు లేదు. అప్పుడు భయం వేసింది.

నరసరావుపేటలో చెవి డాక్టరు చిన్న వయసు అమ్మాయి. హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కండి తాతయ్యా అంది. మొదట్లో నొక్కాను. తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. మొదలుపెట్టదేమా అని అద్దం అవతలికి చూశాను. ఆమె చెయ్యి మీట తిప్పుతూనే ఉంది. పెంచుతోంది, ఇంకా పెంచుతోంది, నా మొహంలోకి చూస్తోంది. బతుకంతా నేను తిప్పిన మీట అది. అవతలి వైపు కూర్చోవడం అదే మొదటిసారి.

సన్నని శబ్దాలు పోయాయని, అవి తిరిగిరావని, మిషన్ పెట్టుకుంటే మాటల వరకు సాయపడుతుందని చెప్పింది. ఏం పని చేసేవారని అడిగింది.

"సిమెంటు ఫ్యాక్టరీలో" అన్నాను.

"అదే మరి, ఆ మిషన్ల రొద" అని రాసుకుంది.

తిరుగు బస్సులో నేను చెవుల్లో మాస్టారిలా దూది పెట్టుకోలేదు. దాచుకోవడానికి ఏమీ లేనివాడికి హాయిగా ఉంటుందనుకున్నాను. హాయిగా లేదు. పాట ఏదో మోగుతోంది, ఎవరు కలిపారో గానీ నాకు మసకగా ఉంది.

ఇంటికి వచ్చేసరికి తెరేజ వసారాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. పక్కన కూర్చుని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"మొత్తం పోయినయ్యా?"

"లేదు. మెల్లగా మాట్లాడితే మాట తెలవదంట."

"వంటింట్లోంచి పిలిస్తే?"

"మామూలుగా పిలిస్తే వినపడదు."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. నావైపు తిరిగింది. జాలిపడుతుందనుకున్నాను. "అయితే ఇంక దాచుకునేదేం లేదుగా" అంది.

"లేదు" అన్నాను.

ఒళ్ళోని ఆకు చేటలోకి దులిపి లేచి లోపలికి వెళ్ళింది. నేను అక్కడే కూర్చున్నాను. కాసేపటికి లోపల కుక్కరు కూత వేసింది. ఎన్ని ఏళ్ళయిందో మా ఇంట్లో కుక్కరు కూత విని. దాని పై అంచు నాకు అందలేదు గానీ కూత వచ్చింది. వెయిట్ ఎత్తే చెయ్యి రాలేదు. మళ్ళీ కూసింది.

"ఏమయ్యా, అన్నం ఇప్పుడే పెట్టేదా?"

మిద్దె మీదినుంచి పొలానికి వేసిన గొంతు. వాడక లేక బొంగురుపోయింది, పైకి ఎక్కేచోట చీలింది. ఇంట్లో ఎవరో ఉన్నారనిపించింది.

"ఏమయ్యో, నిన్నే."

ఈసారి గోడ అవతల మరియమ్మ దంచుతున్న రోకలి చప్పుడు ఆగిపోయింది. నాకు మొదటి పిలుపే వినపడింది. ఇంకొకసారి పిలుస్తుందని జవాబు చెప్పకుండా కూర్చున్నాను.